విజిల్ మీద పొదిగిన కోడి

ఆ రోజుల్లో తుఫాను ఇప్పటిలా సెల్‌ఫోన్‌లో కుయ్యోమంటూ వచ్చేది కాదు. ముందు టీవీలో అడుగున అక్షరాలు పరిగెత్తేవి, తర్వాత గోదారి రంగు మారేది, ఆ తర్వాత మా వీధి కొట్లో కొవ్వొత్తులు, బ్రెడ్డు, దోమల చక్రాలు మాయమయ్యేవి. అప్పుడు అందరూ డాబాలెక్కి ఆకాశం చూసి, "ఇది మన వైపు రాదు, ఒరిస్సా ఎల్లిపోద్ది" అని ఎవరికి వారే తేల్చేసేవారు. (మా యానాంలో వాతావరణ శాఖ ఇంటికొకటి ఉంటుంది.) ఒక్కోసారి నిజంగానే వెళ్ళిపోయేది. వెళ్ళనప్పుడు మాత్రం ఊరంతా ఒక్కసారిగా తాళ్ళు వెతుక్కునేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ వయసులో తుఫాను కన్నా నేనే ఎక్కువ వేగంతో తిరిగేదాన్ని. డిగ్రీ పూర్తి చేసి మెట్టకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. ఇంకా మొదటి జీతం కూడా చూడలేదు. చీర కట్టుకోవడం సరిగ్గా రాదు, కుచ్చిళ్ళకి పిన్నులే దిక్కు. అయినా మెళ్ళో మాత్రం ఒక స్టీలు విజిల్ వేలాడుతూ ఉండేది. ఆటల మాస్టారు మానేస్తే ఆ పీరియడ్లు నాకు అంటగట్టారు. పీరియడ్లతో పాటు విజిల్ వచ్చింది, విజిల్‌తో పాటు నాకు కొమ్ములు వచ్చాయి.

మా హెడ్మాస్టారిని పిల్లలు చాటుగా గీతల మాస్టారు అనేవారు. ఆయన చేతిలో ఎప్పుడూ చాక్‌పీసు ఉండేది. ప్రార్థనకి నిలబడడానికి ఒక గీత, చెప్పులు విడవడానికి ఒక గీత, మంచినీళ్ళు తాగేవాళ్ళకి ఒక గీత. గీత దాటినవాడు ఆయన దృష్టిలో దొంగతో సమానం. ఆ ఏడు తుఫాను నిజంగానే మా వైపు తిరిగినప్పుడు, ఆ దరిదాపుల్లో గట్టి శ్లాబు, పైన మరో అంతస్తు ఉన్నది మా స్కూలే కాబట్టి, పల్లపు ఇళ్ళవాళ్ళందరినీ అక్కడికి చేర్చాలని అనుకున్నారు. గీతల మాస్టారు పొద్దున్నే వచ్చి హాలు నేల మీద కుటుంబానికొక గడి చొప్పున గీసేశారు. గీసి, నన్ను పిలిచి, "టీచరుగారూ, మనుషులకే చోటు చాలదు. కోళ్ళూ కుక్కలూ మేకలూ లోపలికి రాకూడదు. గేటు మీది" అన్నారు. నేను విజిల్ తుడుచుకుని గేటు దగ్గర నిలబడ్డాను. సరిహద్దులో కాపలా పెట్టినా అంత బిగువుగా నిలబడేదాన్ని కాదేమో.

మొదట వచ్చింది అగ్రహారం నుంచి ఒక మీసాలాయన. చంకలో ఒక కోడిపుంజు. దాని చూపు నా విజిల్ మీద, నా చూపు దాని కాళ్ళ మీద.

"ఏవండీ, కోళ్ళని లోపలికి తీసుకురాకూడదండి" అన్నాను.

"కోడేంటి టీచరమ్మా! బాదంపప్పులు పెట్టి పెంచానండి దీన్ని. మా పిల్లలకి కూడా పెట్టలేదు, ఆయ్."

"బాదం తిన్నా జీడిపప్పు తిన్నా కోడి కోడేనండి" అని విజిల్ ఊదాను. ఆయన మీసాలు కిందికి వాలిపోయాయి. పుంజుని గుండెకి హత్తుకుని, దాని చెవిలో ఏదో చెప్పుకుంటూ వెనక్కి తిరిగాడు. ఆయన వెనకే పిల్లిని కొంగులో చుట్టుకున్న ఒక మామ్మ, ఆవిడ వెనక మేకని తాడు పట్టి లాక్కొస్తున్న ఒక కుటుంబం, కుక్కలు, ఇంకా కోళ్ళు. అందరికీ ఒకటే మాట, ఒకటే విజిల్. విచిత్రమేమిటంటే ఎవరూ నాతో పెద్దగా వాదించలేదు. వెళ్ళారు, కాసేపటికి ఒట్టి చేతులతో, అంటే జంతువులు లేకుండా, తిరిగొచ్చారు. నా మాటకి ఇంత విలువుందా అని నాకే ముచ్చటేసింది. కాకపోతే సామాన్లు మాత్రం బాగా పెరిగాయి. మీసాలాయన చుట్టిన పరుపు ఒకటి భుజాన వేసుకొచ్చాడు. "తుఫానులో పరుపెందుకండీ?" అంటే, "నడుం నొప్పండి టీచరమ్మా, మెత్తగా లేకపోతే పట్టేసుద్ది" అన్నాడు. మామ్మ మెడ దాకా శాలువా కప్పుకుని, పొట్ట మీద చెయ్యేసుకుని నడిచింది. మేక కుటుంబమైతే ఒక తోపుడు బండి మీద ముసుగేసిన మనిషిని పడుకోబెట్టి తోసుకొచ్చారు. "మా నానమ్మండి. చలిజొరం" అన్నారు. నేను అందర్నీ పక్కకి జరిపించి, "మెల్లగా, మెల్లగా దించండి" అని దగ్గరుండి లోపలికి పంపించాను. (దుప్పటి చివర కనిపించిన కాళ్ళు మరీ సన్నంగా ఉన్నాయి. పాపం, ముసలావిడ బాగా చిక్కిపోయింది అనుకున్నాను.)

మధ్యాహ్నానికి గాలి ఊపందుకుంది. కరెంటు పొద్దున్నే తీసేశారు. కిటికీలన్నీ మూసేసరికి హాల్లో పట్టపగలే సాయంత్రమైపోయింది. అప్పుడు చూసుకుంటే అందరూ వచ్చారు, మా అత్త రాలేదు. మా నాన్న చెల్లెలు. కనకాలపేటలో పల్లంలో తాటాకింట్లో ఒక్కతీ ఉండేది. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. మా అమ్మ ఉద్యోగానికి వెళ్ళిపోతే నేను ఆ ఇంట్లోనే పెరిగాను. జడ వేసింది ఆవిడే, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది ఆవిడే. పొరుగింటాయన్ని అడిగితే, "పిలిచామమ్మా. రాదంట. తలుపేసుకుని కూర్చుంది" అన్నాడు. గేటు మా అటెండరు గంట తాతకి అప్పజెప్పి, పిన్నులూ కుచ్చిళ్ళూ ఏమైతే అయిందని పరిగెత్తాను.

దారిలో కొబ్బరాకులు రోడ్డు మీద దొర్లుతున్నాయి. అత్త ఇంటి ముందు పల్లంలో నీళ్ళు అప్పుడే చేరుతున్నాయి. తలుపు తోస్తే ఆవిడ మంచం పక్కన నేల మీద తీరిగ్గా కూర్చుని ఉంది. మంచం కింద గంప, గంపలో గడ్డి, గడ్డిలో నల్ల పెట్ట. పొదుగుతోంది.

"అత్తా! ఏంటిది? ఊరంతా వచ్చేసింది, నువ్వేం చేస్తున్నావ్?"

"అరవకే, నల్లది ఉలిక్కిపడుద్ది. రేపో ఎల్లుండో పిల్లలు దిగిపోతాయి."

"కోడి కోసం ప్రాణాలు పోగొట్టుకుంటావా?"

"అది గుడ్లు వదిలి రాదు. నేను దాన్ని వదిలి రాను. అక్కడ గేటు కాడ నీలాంటిదెవరో ఈల పట్టుకుని కోళ్ళని రానివ్వట్లేదంటగా?"

"నాలాంటిది కాదత్తా, నేనే" అన్నాను. ఆవిడకి ముందే తెలుసు. అయినా నా నోటితో చెప్పించాలని అంది. నేను హెడ్మాస్టారి గొంతు అరువు తెచ్చుకుని నియమాలు చెప్పబోయాను. ఆవిడ కొంగు దులుపుకుని, "అలాగైతే నువ్వెల్లమ్మా, డ్యూటీ కదా" అంది. అంత మర్యాదగా ఆవిడ ఎప్పుడైనా మాట్లాడిందంటే ఇక బండరాయే. పైన తాటాకు ఒక పక్క లేచి పడుతోంది. ఆ చప్పుడుకి నా నియమాలన్నీ ఎటో ఎగిరిపోయాయి. ఈవిడ లేకపోతే నాకెవరున్నారని అనిపించింది, ఏడుపొచ్చేసింది. "సరే, నల్లదాన్నీ తీసుకెళ్దాం. గుడ్లతో సహా. లే" అన్నాను.

అనగానే లేస్తుందనుకుంటే పొరపాటు. పొదిగే కోడిని పగలు కదిలించకూడదట, బెదిరి గుడ్లు వదిలేస్తుందట. అందుకని గంప మీద నల్ల దుప్పటి కప్పి దానికి రాత్రి చేశాం. ఇంకొక చిక్కు మిగిలింది. ఉరుము ఉరిమితే గుడ్లు మురిగిపోకుండా మా వైపు గూట్లో ఒక బొగ్గు ముక్క, ఎండుమిరపకాయ, ఇనుప ముక్క పెడతారు. బొగ్గుంది, మిరపకాయుంది. గుడ్ల కింద ఉండాల్సిన మేకు మాత్రం కనిపించలేదు. అత్త గంప చుట్టూ తడిమి, గడ్డి కింద తడిమి, "ఇనుము లేకుండా గడప దాటించను" అంది. తుఫానులో గాలే ఎక్కువ, ఉరుములు తక్కువ అనీ, అసలు ఉరుముకీ గుడ్డుకీ సంబంధం లేదనీ నేను సైన్సు చెప్పబోతుంటే, సరిగ్గా అప్పుడే ఒకటి ఉరిమింది. అత్త నా వంక చూసింది. ఆ చూపు కిందికి జారి నా మెళ్ళో ఆగింది.

"అదేంటే? ఇనుమేనా?"

"స్టీలత్తా. స్కూలుది. విజిల్."

"స్టీలంటే ఇనుము కాదేంటి?"

సైన్సు టీచర్ని. కాదని ఎలా చెప్పను? అలా నా అధికారమంతా తాడుతో సహా నల్లదాని పొట్ట కిందకి వెళ్ళిపోయింది. అది ముక్కుతో విజిల్‌ని ఒకసారి పొడిచి చూసి, గుడ్ల మధ్యకి సర్దుకుని, ఎప్పట్నుంచో తనదే అన్నట్టు దాని మీద కూర్చుంది.

గంప నా నెత్తి మీద, గొడుగు అత్త చేతిలో. గొడుగు ఎవరి మీద పట్టిందని అడక్కండి. అత్త చెయ్యెత్తి గంపకి గొడుగు పడుతూ దారి పొడవునా, "వాలకు, కుదపకు, గోతిలో అడుగెయ్యకు" అంటూ నడిచింది. గొడుగు మీద నీళ్ళన్నీ ధారగా నా మెడ మీదకి కారాయి. రెండు మూడు చోట్ల మోకాలి లోతు నీళ్ళు దాటాం. గేటు దగ్గర గంట తాత నన్నూ, నెత్తి మీద గంపనీ, పక్కన అత్తనీ చూసి, "ఏంటమ్మా గంపలో?" అన్నాడు. "పుస్తకాలు తాతా" అన్నాను. అదే సమయానికి పుస్తకాలు కొక్కొమన్నాయి. తాత ఏమీ వినపడనట్టు గేటు తీసి, "తడవకుండా చూసుకో తల్లీ, పుస్తకాలు" అన్నాడు.

హాల్లో చివరి బెంచీ కింద గంప దాచి, ముందు నేను కూర్చున్నాను. పొద్దున్న అందరి మీదా విజిల్ ఊదినదాన్ని ఎవరి ముఖమూ చూడలేక తల వంచుకుంటే, పిల్లి మామ్మ పక్కకి జరిగి, కొంగు ముడి విప్పి గుప్పెడు నూకలు నా చేతిలో పోసింది. "గంపలో వెయ్యమ్మా" అంది నెమ్మదిగా. ఈవిడ కొంగులో నూకలెందుకున్నాయని నాకప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు. ఎంత మంచి మనుషులో అని మాత్రం కళ్ళు చెమర్చాయి.

ఇంతలో తుఫాను డ్యూటీ మీద ఉన్న పెద్ద ఆఫీసరుగారు రెయిన్‌కోటుతో వచ్చారు. గీతల మాస్టారు టార్చిలైటు వేసి గడులన్నీ చూపిస్తూ, "క్రమశిక్షణ సార్. మా టీచరు గేటు దగ్గర నిలబడితే ఈక ముక్క కూడా లోపలికి రాలేదు" అన్నారు. నేను నేలలోకి కుంగిపోయాను. "టీచరుగారూ, ఒకసారి విజిల్ వెయ్యండి, అందరూ లేచి నిలబడతారు, సార్ లెక్క చూసుకుంటారు" అన్నారు మాస్టారు. నేను మెడ తడుముకున్నాను. "విజిల్ ఏదండీ?" అన్నారు. "భద్రంగా ఉంది సార్" అన్నాను. అంతకంటే నిజం నేను ఆ రోజు మాట్లాడలేదు.

మాస్టారు భృకుటి ముడిచేలోగా వరండాలో గంట తాత జనరేటరు తాడు లాగాడు. అది దగ్గి, దగ్గి, మొదలైంది. హాల్లో ట్యూబులైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి.

పొద్దున్నుంచీ చీకట్లో ఉన్న పుంజుకి ఒక్కసారిగా వెలుగు కనిపిస్తే అదేమనుకుంటుంది? తెల్లారిందనుకుంటుంది. మీసాలాయన పరుపు చుట్టలోంచి ముందు ఒక మెడ, తర్వాత ఒక కూత బయటికొచ్చాయి. ఆ కూత పూర్తయ్యేలోగా ఎదురు గోడ దగ్గర బియ్యం బస్తాలోంచి రెండోది జవాబిచ్చింది. ఆ తర్వాత వంతు కోసం ఎవరూ ఆగలేదు. ట్రంకు పెట్టెలు కూశాయి, చాపలు కూశాయి, ఒక పెద్దాయన లుంగీ మూట కూసింది. కూతలకి బస్తాల్లో కుక్కలు మొరిగాయి. మామ్మ శాలువా లోంచి పిల్లి ఆవిడ భుజమెక్కి నిలబడింది. చివరగా చలిజ్వరం నానమ్మ దుప్పటి విదుల్చుకుని, నాలుగు కాళ్ళ మీద లేచి, గీతల మాస్టారి ముఖంలోకి చూసి, మే అంది.

మాస్టారి చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది. కూతలు కాస్త సద్దుమణిగాక నా బెంచీ కింద నుంచి నల్లది, తనని కూడా లెక్కలో వేసుకోమన్నట్టు, ఒకే ఒక్కసారి కొక్కొ అంది. అందరూ నా వైపు తిరిగారు. అప్పటిదాకా నవ్వు ఆపుకున్న మీసాలాయన, "బాదం తిన్నా జీడిపప్పు తిన్నా కోడి కోడేనండి టీచరమ్మా" అన్నాడు.

ఎవరూ నవ్వకముందే అత్త లేచింది. గంప బయటికి లాగి చంకనెత్తుకుంది. "అయ్యా ఆఫీసరుగారూ, పిల్ల తప్పేం లేదండి. కోడి నాది. దీన్ని పంపించెయ్యాలంటే చెప్పండి, నేనూ దీనితోనే ఎల్లిపోతాను. కూడా ఎవరినీ పంపించక్కర్లేదు, దారి నాకు తెలుసు." ఆవిడ బెదిరించలేదు, సంతకి వెళ్ళొస్తానన్నంత మామూలుగా అంది. అందుకే నేను లేచి గంప అంచు పట్టుకున్నాను. బయట పెంకులు పగులుతున్న చప్పుడు. మీసాలాయన పుంజుని తీసుకుని లేచాడు. మామ్మ లేచింది. మేక కుటుంబం లేచింది. పొద్దున్నుంచీ విజిల్ ఊది నేను నిలబెట్టలేని వరసలో అందరూ నిలబడ్డారు. ఆఫీసరుగారు తలుపు వైపు చూశారు, వాళ్ళ వైపు చూశారు, "మాస్టారూ, ఏం చేద్దాం?" అన్నారు.

గీతల మాస్టారు వంగారు. విరిగిన చాక్‌పీసు ముక్కల్లో పెద్దది ఏరుకున్నారు. "పైన తరగతి గదులు ఖాళీగా ఉన్నాయి సార్. క్లాసులుగా విడగొడదాం" అన్నారు.

ఆ సాయంత్రం ఉన్నంత ఉత్సాహంగా నేను ఆయన్ని మళ్ళీ చూడలేదు. మేకలు ఒకటో తరగతి, బెంచీ కాలికి కట్టాలి. కుక్కలు రెండో తరగతి, మేకలకి దూరంగా, యజమాని ఒకరు పక్కనుండాలి. పుంజులు ఒకదాన్నొకటి చూస్తే రక్తపాతమే కాబట్టి గదికొకటి కుదరక, మధ్యలో బల్లలు అడ్డం నిలబెట్టి, నేల మీద గీతలు గీసి, "ఈ గీత దాటకూడదు" అని పుంజులకే చెప్పారు. (అవి మా పిల్లలకన్నా బాగా విన్నాయని ఆయన తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు.) పిల్లులు స్టాఫ్‌రూము. స్కూలు పళ్ళేల్లో నీళ్ళు, కోళ్ళకి నూకలు, కుక్కలకి మా అందరి పులిహోరలో వాటా. కిటికీలకి చీరలు కట్టి గాలి చప్పుడు తగ్గించాం. పొదిగే కోడి ఒక్కదానికి మాత్రం హెడ్మాస్టారి గది ఇచ్చారు, ఆయన బల్ల కింద, చుట్టూ ఒక గుండ్రటి గీతతో.

మర్నాడు పొద్దున గాలి తగ్గాక, అదే బల్ల కింద నల్లదాని రెక్క కింద నుంచి ఒక పసుపుపచ్చ తల బయటికొచ్చింది. తర్వాత ఇంకోటి. రెండు గుడ్లు తప్ప అన్నీ పిల్లలయ్యాయి. "చూసావా ఇనుము మహిమ?" అంది అత్త. ఆ రెండూ ఎందుకు కాలేదంటే, "అవి విజిలుకి దూరంగా ఉన్నాయే" అంది. ఆ విజిల్‌ని నేను ఎంత కడిగినా, ఎండలో పెట్టినా, ఆటల పీరియడ్‌లో ఊదినప్పుడల్లా కోడి వాసనే వచ్చేది.

నీళ్ళు తీశాక గంపతో సహా ఇద్దరం కనకాలపేట వెళ్ళాం. పక్కింటివారి తాడిచెట్టు అత్త ఇంటి మీద పడి ఉంది. కప్పు లేదు. మాను సరిగ్గా మంచం మీద పడింది, మంచం గంప పెట్టినంత చోటు కూడా లేకుండా నేలకి అంటుకుపోయింది. ఆవిడ ఆ రోజు తీరిగ్గా కూర్చున్న చోటు కూడా ఆ మాను కిందే ఉంది. అత్త గంపలో నల్లదాని వీపు నిమిరి, "నా తల్లే, నన్ను బయటికి లాక్కొచ్చావే" అంది. ఎంత ఉడుకుమోత్తనమొచ్చిందో నాకు! "నెత్తిన పెట్టుకుని మోసింది నేను కదత్తా!" అన్నాను. "నువ్వు దాన్ని మోసావు. నేను దాని ఎనకాల వచ్చాను" అంది. అని, నా చెదిరిన జుట్టు చేత్తో వెనక్కి దువ్వి, ఇంక వదలకుండా నా చెయ్యి పట్టుకుంది.

అత్త లేదిప్పుడు. నల్లదాని మనవరాళ్ళ మనవరాళ్ళు మా పెరట్లో తిరుగుతున్నాయి. గీతల మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను, బల్ల కింద గుండ్రటి గీత చెరగనివ్వలేదు. ఈ మధ్య వచ్చిన తుఫానుకి మళ్ళీ మా స్కూలే. జంతువులకి పై గదులని ముందే చాటించాం, తాళ్ళూ పళ్ళేలూ సిద్ధం చేశాం. అయినా గేటు దగ్గర విజిల్ మోత ఆగకపోతే వెళ్ళి చూశాను. మొన్ననే చేరిన టీచరు, ఇరవై రెండేళ్ళుంటాయి, చీరంతా పిన్నులే, చంకలో గంపతో, చేతిలో గొడుగుతో వచ్చిన ఒకావిడని ఆపేసింది. "పొదిగే కోడంట మేడమ్. గంప దించమంటే దించనంటున్నారు. పైన ఏ గదో నేను చూసి చెప్పాలి కదా" అంది, ఎంతో బాధ్యతగా. గొడుగు గంప మీదే ఉంది, ఆవిడ తడిసి ముద్దయింది. నాకు నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చేశాయి. దగ్గరికెళ్ళి గంప మీది దుప్పటి కొంచెం పైకెత్తి చూశాను. బొగ్గుంది, మిరపకాయుంది.

"అమ్మాయ్, ఒకసారి ఆ విజిల్ ఇలా ఇవ్వు" అన్నాను.